ఒక్క మిషను, ఇద్దరు తోడికోడళ్ళు

ఇప్పుడు ఎముకల వార్డులో కొత్తగా చేరే అమ్మాయిలకు వాక్యూమ్ డ్రెస్సింగ్ అంటే వింతేమీ కాదు. గాయం కొలతకు స్పాంజి కత్తిరించి పెడతారు, పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటిస్తారు, గొట్టం తగిలించి మీట నొక్కుతారు. కబుర్లు చెప్పుకుంటూనే చేసేస్తారు. మొన్న ఒకమ్మాయి నన్ను అడిగింది, "మేడమ్, ఈ మిషన్లు వచ్చాకే కాళ్ళు దక్కడం మొదలైందటగా?" అని. అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. గుంటూరులో ఒక ప్రైవేటు ఎముకల ఆస్పత్రిలో ఆడవాళ్ళ వార్డుకు నేను ఇన్‌ఛార్జి సిస్టర్ని. చలికాలం పోతుండగా మా వార్డులోకి మిరపకాయల ఘాటు వచ్చేది. రోగులకు తోడుగా వచ్చేవాళ్ళు చేలోంచి, కల్లంలోంచి అటే బయలుదేరి వచ్చేవాళ్ళు. ఒకామె కొంగు దులిపిందంటే పక్క పది మంచాలూ తుమ్మేవి. కాళ్ళకు సిమెంటు కట్లతో కదలకుండా పడుకున్న వాళ్ళకు తుమ్ము ఎంత బాధో చూస్తేగాని తెలియదు.

మా పెద్ద డాక్టరుగారు మంచి సర్జను. చెయ్యి ఎంత నిదానమో మాట అంత తొందర. దేన్ని గురించి అడిగినా జవాబు సిద్ధంగా ఉండేది. ఆయన ఆ ఏడు చెన్నైలో డాక్టర్ల సమావేశానికి వెళ్ళి ఈ మిషను చూసి వచ్చారు. వచ్చిన రోజే నన్ను పిలిచి అరచేతి మీద పెన్నుతో బొమ్మ గీసి చూపించారు. "గాయం మీద ఊరికే గుడ్డ కప్పడం కాదు సిస్టర్. లోపల ఊరే నీరు, చీము ఎప్పటికప్పుడు లాగేస్తుంది. కింద కొత్త కండ త్వరగా పడుతుంది. ఇన్నాళ్ళూ మనం చేసిందంతా పాతకాలపు పని" అన్నారు. ఆ పాతకాలపు పని చేసేదాన్ని నేనే.

కొన్నాళ్ళకు మిషను వచ్చింది. ఒక్కటే. టిఫిను క్యారియరంత పెట్టె, పక్కన నీరు పట్టే డబ్బా. ఆయన గదిలోనే పెట్టుకుని దుమ్ము పడకుండా తువ్వాలు కప్పేవారు. మొదటిసారి ఒక ముసలామె మడమ గాయానికి పెట్టినప్పుడు ఎక్కడో గాలి పోతూ మిషను ఒకటే అరుపు. చర్మం సరిగ్గా ఆరకుండా ప్లాస్టిక్ అంటించాను నేను. సైకిల్ షాపువాడు ట్యూబులో పంక్చరు వెతికినట్టు నేనూ డాక్టరుగారూ చెరో పక్కా చెవి పెట్టి గాలి చప్పుడు వెతుకుతుంటే, ఆ ముసలామె, "కాలేమన్నా చెబుతందా నాయనా?" అని అడిగింది.

అప్పుడప్పుడే చెయ్యి తిరుగుతున్న రోజుల్లో ఈ ఇద్దరూ వచ్చారు.

తుళ్ళూరు వైపు పల్లె వాళ్ళది. మిరపకాయ కోతకు వెళ్ళిన ముఠా సాయంత్రం ట్రాక్టరు ట్రక్కులో ఇంటికి వస్తుంటే కాలవ కట్ట మలుపులో ట్రక్కు పక్కకు ఒరిగి పడింది. చాలామంది దెబ్బలతో బయటపడ్డారు. ఇద్దరు ఆడవాళ్ళ కాళ్ళ మీద మాత్రం ట్రక్కు అంచు పడింది. పెద్దామెకు నలభై దాటి ఉంటాయి, కుడికాలు. రెండో ఆమెకు ముప్ఫై పైన, ఎడమకాలు. ఇద్దరికీ మోకాలి కింది ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. గాయం నిండా కాలవ బురద, మిరప తొడిమలు. డాక్టరుగారు ఇద్దర్నీ ఒకరి తర్వాత ఒకరిని థియేటర్లోకి తీసుకుని, సీసాలకు సీసాలు సెలైన్ పోసి కడిగి, చచ్చిన కండ తీసేసి, ఎముక కదలకుండా కాలి బయట ఇనప కడ్డీలు బిగించారు. అలాంటి గాయాన్ని వెంటనే కుట్టెయ్యకూడదు. కుడితే చీము లోపలే ఉండిపోతుంది. తెరిచే ఉంచి, శుభ్రపడ్డాక కండా చర్మమూ కప్పాలి. ఆ మధ్య రోజులే కాలు దక్కేదీ పోయేదీ తేల్చేవి.

ఇద్దర్నీ పక్కపక్క మంచాల మీద వేయించాను. ఒకే ఊరివాళ్ళు, ఒకరికొకరు కాలక్షేపంగా ఉంటారనుకున్నాను. మర్నాడు పెద్దామెను, "పక్కావిడ మీకేమవుతుందమ్మా?" అని అడిగాను.

"మా ఊరామే" అంది, గోడ వైపు చూస్తూ.

అవతలి మంచం మీంచి చిన్నామె అందుకుంది. "సిస్టరుగారూ, ఆమె నాకు తోడికోడలండి. ఊరామె అని చెప్పుకునేంత దూరమేం కాదు. మధ్యన గోడ ఒక్కటే అడ్డం."

కథ తర్వాత తెలిసింది. అన్నదమ్ములిద్దరూ పొలం పంచుకున్నప్పుడు బోరు, దాని మోటారు ఉన్న ముక్క పెద్దవాళ్ళకు వెళ్ళింది. ఆ ఏడు చిన్నవాళ్ళ మిరపతోట నీళ్ళందక నిలువునా ఎండింది. అప్పటినుంచి రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. కోతలకు ఒకే ట్రక్కు ఎక్కినా ఎవరి దారి వారిదే. ఇప్పుడు మా వార్డులో కూడా ఒకరి గురించి ఒకరు నాకు చెప్పేవాళ్ళు. ఫ్యాను ఎక్కువైతే, "ఆమెకి చలిగా ఉందేమో అడగండి సిస్టరమ్మా" అనేది పెద్దామె. "నాకేం చలిగా లేదని చెప్పండి" అనేది చిన్నామె. మధ్యలో చేతి దూరం కూడా లేదు.

గాయాలు చూడటానికి డాక్టరుగారు రెండు మంచాల మధ్యా నిలబడ్డారు. ఇద్దరివీ ఒకే రకం దెబ్బలు. పెద్దామె గాయం కొంచెం వెడల్పు, ఎముక ఇంకొంచెం ఎక్కువ కనబడుతోంది. "మిషను ఈవిడకు పెడదాం సిస్టర్" అన్నారు. ఇంకో మిషను కోసం ఆయన అప్పటికే చెన్నైకి ఫోన్లు చేశారు. దొరకలేదు.

పెద్దామె కాలికి స్పాంజి, గొట్టం, పక్కన పెట్టె వచ్చాయి. చిన్నామె కాలికి మామూలుగానే సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ, పైన కట్టు. సాయంత్రం చిన్నామె భర్త వచ్చి రెండు కాళ్ళూ మార్చి మార్చి చూశాడు. నేరుగా డాక్టరుగారి గదికి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"ఏంది సార్ ఇది? పొలంలో మోటారూ ఆళ్ళకే, ఇక్కడ మోటారూ ఆళ్ళకేనా? మా ఆడమనిషిది కాలు కాదా?"

"గాయం పెద్దది ఆవిడది బాబూ. ఉన్నదా, ఒక్కటే మిషను."

"పంపకాలప్పుడు పెద్దమనుషులూ ఇదే చెప్పారు సార్. బోరు ఒక్కటే ఉందన్నారు."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అతను అరవలేదు, బల్ల గుద్దలేదు. ఆ మాట అని వచ్చేశాడు. అరిస్తే మాకు సులువుగా ఉండేది.

ఆ తర్వాత రోజులు నాకు బాగా గుర్తున్నాయి. పెద్దామె మిషను సన్నగా గుయ్‌మంటూ ఉండేది. కట్టు రోజూ విప్పే పని లేదు. డబ్బాలోకి ఎర్రటి నీరు దిగుతుంటే పక్క వార్డుల వాళ్ళు కూడా వచ్చి చూసిపోయేవాళ్ళు. చిన్నామెకు మాత్రం రోజూ పొద్దున్నే కట్టు మార్చాలి. ముందుగా నొప్పి ఇంజెక్షను ఇచ్చినా, ఆరి అతుక్కున్న గాజుగుడ్డ మీద సెలైన్ పోసి తీస్తుంటే ప్రాణం పోయినట్టుండేది ఆమెకు. కొంగు నోట్లో కుక్కుకుని పంటి కింద బిగపట్టేది. అయినా చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు మంచాల మధ్య లాగిన తెరకు ఇవతల పెద్దామెకు వినబడేది. నేను ట్రాలీ తెస్తుంటే చాలు, ఆమె దిండు అంచు చెవుల మీదికి లాక్కునేది.

ఒకరోజు నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది. "సిస్టరమ్మా, దానికి మత్తిచ్చి పడుకోబెట్టి కడగగూడదూ?"

"థియేటరు ఖాళీ ఉండదమ్మా. ఆపరేషన్లుంటాయి" అన్నాను. అందరం చెప్పే జవాబే.

ఈలోగా చిన్నామె భర్త ఒక నిర్ణయానికి వచ్చాడు. పొదిలి దగ్గర ఒక పల్లెలో ఎముకలకు ఆకు కట్టు కట్టే మనిషి ఉన్నాడని ఎవరో చెప్పారు. మర్నాడు బండి తెస్తానని, పేషెంటును పంపించమని చెప్పాడు. తెరుచుకున్న గాయంలో ఎముక కనబడుతుంటే దాని మీద ఆకు పసరు పెడితే కాలు ఉండదని నేను చెప్పాను. కాలు పోవడంతో కూడా ఆగకపోవచ్చని డాక్టరుగారు చెప్పారు.

"ఇక్కడ మాత్రం ఏం పెట్టారండి? గుడ్డేగా" అన్నాడతను.

చిన్నామెను విడిగా అడిగాను. "నాకు రోజూ ఈ కోత వద్దు సిస్టరుగారూ. ఎక్కడికి తీసకపోయినా పోతా" అంది. ఆమెను తప్పు పట్టలేకపోయాను. నాకే ఆ ట్రాలీ తోసుకుని ఆ మంచం దగ్గరికి వెళ్ళాలంటే కాళ్ళు ముందుకు పడేవి కావు.

మర్నాడు నేను థియేటర్లో పని చూసుకుని వార్డులోకి వస్తుంటే కుయ్ కుయ్‌మని అరుపు వినబడింది. సెల్ ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. తోడుగా వచ్చిన వాళ్ళంతా ఎవరి ఫోన్లు వాళ్ళు తీసి చూసుకుంటున్నారు. అరుస్తున్నది పెద్దామె మిషను. ఆమె పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది. ఊడదీసిన గొట్టం చేతిలో ఉంది.

"ఏంటమ్మా ఈ పని?"

"తీసేశాను. దానికి పెట్టండి. పెడితే పోకుండా ఇక్కడే ఉంటది."

"ఆటలా ఇవి? లాగడం ఆగిపోతే ఆ స్పాంజి కింద గాయం కుళ్ళిపోతుంది. మీ కాలు వద్దా మీకు?"

"నా కాలు సంగతి తర్వాత. ముందు దానికి పెట్టండి."

తెర అవతలి నుంచి చిన్నామె గొంతు వచ్చింది. నాతోనే అంది. "ఎవరడిగారంట సిస్టరుగారూ ఆమెని? నేనడిగానా?"

పెద్దామె కూడా నాతోనే చెప్పింది. "ఆ రోజు అది ట్రక్కు అంచున కూచుంది సిస్టరమ్మా. నా పక్కన చోటుంది. ఇట్టా రావే అని పిలిస్తే నా నోరేం పోయేది? పిలవలా. మలుపులో అది ఎగిరి పోతుంటే పట్టుకున్నా. పట్టుకుంటే ఆగిందా? ఇద్దరం పడ్డాం."

నేను తెర పక్కకు లాగాను. ఎందుకు లాగానో నాకే తెలియదు. చిన్నామె మోచేతుల మీద సగం లేచి ఉంది.

"నా జబ్బ పట్టుకుంది నువ్వా అక్కా?"

"ఇంకెవరు పట్టుకుంటారే?"

"నేను ముఠా మేస్త్రి అనుకున్నా."

"మేస్త్రి ముందు కూచున్నాడు. ఆడికి చేతులు అంత పొడుగున్నయ్యా?"

చిన్నామె ముఖం తుడుచుకుంది. "ఆ గొట్టం పెట్టించుకో. పిచ్చి పని చేయమాక" అంది.

"నువ్వు పోకుండా ఉంటే పెట్టించుకుంటా."

ఇంతలో చిన్నామె భర్త బండి డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు. పెళ్ళాం రానంటే అతనికి అర్థం కాలేదు. "నిన్న సరేనన్నావుగా" అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోపే పెద్దామె అందుకుంది.

"ఏరా, నీ పెళ్ళాం కాలు నీకంత బరువైందా? ఆకులు కట్టించి మోసుకొస్తావా?"

ఆ వదిన కాపరానికి వచ్చేనాటికి అతను నిక్కరు వేసుకుని తిరిగేవాడట. పంపకాలయ్యాక వదిన నోట అతను మాట వినడం అదే మొదలు. ఆమె చేతిలో గొట్టం చూశాడు, అరుస్తున్న పెట్టె చూశాడు. డ్రైవరుతో, "నువ్వు పో. తర్వాత కనపడతా" అని, స్టూలు లాక్కుని రెండు మంచాల మధ్యా కూర్చున్నాడు.

పెద్దామెను థియేటర్లోకి తీసుకెళ్ళాం. స్పాంజి తీసి చూస్తే గాయం పాడవలేదు. డాక్టరుగారికి కోపం వచ్చిందేమో అనుకున్నాను గానీ, జరిగింది చెప్పాక చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయారు. మెత్తగా ఉన్నారు కదా అని అడిగేశాను.

"సార్, మిషను ఒక్కటే ఉంది. మత్తుమందు ఒక్కటే లేదు కదా. ఆ చిన్నామెకు కూడా థియేటర్లోనే డ్రెస్సింగ్ చేద్దాం. ఆ అరుపులు ఆమె పడలేకపోతోంది, ఈవిడ వినలేకపోతోంది. నా వల్లా కావట్లేదు."

"థియేటరు టైము..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. "సరే. మత్తు డాక్టరుతో నేను మాట్లాడతాను. రోజు మార్చి రోజు చేద్దాం. మొదటి కేసుగా పొద్దున్నే తెచ్చెయ్యండి."

నేను అడగడానికి అన్ని రోజులు పట్టింది, ఆయన ఒప్పుకోవడానికి అరనిమిషం పట్టింది. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి అమ్మాయికీ ఈ ముక్క చెప్పాను. వినేవాళ్ళు విన్నారు.

మిషను తిరిగి పెద్దామెకే పెట్టారు. చిన్నామె మత్తులోంచి లేచాక, "అయిపోయిందా? ఇంతేనా?" అని నవ్వింది. వార్డులో ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. ఇక తెర వెయ్యనివ్వలేదు ఇద్దరూ. ఒకరికి వచ్చిన క్యారియరు ఇంకొకరు విప్పేవాళ్ళు. అంతమాత్రాన పోట్లాటలు ఆగిపోలేదు. ఒకరోజు బోరు సంగతి లేచింది. నీళ్ళు ఎప్పుడు ఆపారు, ఎవరు ఆపమన్నారు అని గంటసేపు వాదించుకుంటే నర్సులం పనులు ఆపుకుని విన్నాం. కానీ ఈసారి నన్ను మధ్యవర్తిగా పెట్టుకోలేదు. ముఖముఖాన అనుకున్నారు.

రెండు గాయాలూ శుభ్రపడ్డాక విజయవాడ నుంచి ప్లాస్టిక్ సర్జను వచ్చారు. పిక్క కండను ముందుకు తిప్పి ఎముక మీద కప్పి, తొడ నుంచి తీసిన పల్చటి చర్మం దాని మీద పరిచారు. ఇద్దరికీ ఒకే వారంలో అయింది. చిన్నామెది వెంటనే పట్టింది. పెద్దామెకు కడ్డీ దగ్గర చీము పట్టి కొన్నాళ్ళు భయపెట్టింది. ఆ తర్వాత చిన్నామె ఎముక అతుక్కోవడం ఆలస్యమైంది. ఇలా వంతులు వేసుకున్నట్టు ఇద్దరూ మమ్మల్ని తిప్పలు పెట్టి, చేతికర్రలతో ఇళ్ళకు వెళ్ళారు. ఆ కడ్డీలు పూర్తిగా తీసి, కర్రలు వదిలేసరికి మళ్ళీ మిరప కోతలు వచ్చాయి.

ఆ వేసవిలో ఒకరోజు ఇద్దరూ కలిసి చూపించుకోవడానికి వచ్చారు. ఇద్దరికీ కలిపి ఒకటే సంచి. డాక్టరుగారు వాళ్ళను వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడవమన్నారు. ఇద్దరూ కొంచెం కుంటుతున్నారు. ఒకరిది కుడి వైపు, ఒకరిది ఎడమ వైపు, అంతే తేడా. ఆయనకు ఉత్సాహం వచ్చి కొత్తగా చేరిన ఇద్దరు డాక్టర్లను పిలిచారు. చీర కాస్త ఎత్తి పట్టుకోమని మచ్చలు చూపించి, "వీళ్ళలో ఒకరికి మనం వాక్యూమ్ మిషను పెట్టాం. ఎవరికో చెప్పండి" అన్నారు.

కొత్త డాక్టర్లు వంగి, తాకి, నొక్కి చూశారు. ఒకరు పెద్దామె అన్నారు, ఒకరు చిన్నామె అన్నారు. డాక్టరుగారు నవ్వుతూ వచ్చి తనూ వంగి చూశారు. రోజుకు ఎన్నో కాళ్ళు చూసే మనిషి. చిన్నామె కాలి మీద చెయ్యి పెట్టి, "చూడండి, ఈ మచ్చ ఎంత నున్నగా ఉందో. మిషను పెట్టింది దీనికి" అన్నారు.

"నాకు గుడ్డే పెట్టారు సార్" అంది చిన్నామె. "మిషను మా అక్కకి."

నేను కిటికీలోంచి బయటికి చూశాను, నవ్వు కనబడకుండా. చిన్నామె మాత్రం ఆలోచనలో పడింది. ఆమెలో ఎగతాళి ఏమీ లేదు. తెలుసుకుందామనే అడిగింది.

"మరి అన్నాళ్ళూ ఆ మిషను ఏం చేసినట్టు సార్?"

ఇప్పుడు చెన్నైలో విన్నదంతా చెబుతారని ఎదురుచూశాను. ఆయన లేచి నిలబడి, ఆ కాలి వైపూ ఈ కాలి వైపూ ఇంకోసారి చూశారు.

"రోజూ కట్టు విప్పే బాధ తప్పించిందమ్మా. సిస్టర్లకు పని తగ్గించింది. కాలు దక్కింది దానివల్లేనా అంటే..." అని ఆగారు. "నాకు తెలియదమ్మా."

అన్నేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. ఒక పేషెంటుతో ఆయన ఆ మాట అనడం నేను వినడం అదే మొదటిసారి. కొత్త డాక్టర్లిద్దరూ నేల చూపులు చూశారు. పెద్దామె అప్పటికే గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు దూరుస్తోంది.

"పోనీలెండి బాబూ" అంది ఆయనతో. తోడికోడలి వైపు తిరిగి, "ఆయనకే తెలవకపోతే నీకేం చెబుతారే? పద, బస్సు పోద్ది" అంది.